పడవ మీద నుంచి పెట్టిన పేరు: పెద్దమట్ట చేప – ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

విజయవాడ దాటిన కృష్ణానది పులిగడ్డ వద్ద పాయలుగా చీలి, దివిసీమను ఒరుసుకొంటూ సముద్రాన్ని చేరుతుంది. మంచినీరు ఉప్పునీటితో కలిసే ఈ మొగల నుంచే గిలకలదిండి, నాగాయలంక, నిజాంపట్నం ప్రాంతాల పడవలు వేటకు బయలుదేరుతాయి. ఒకే కుటుంబం చెరువులోనూ, కాలువలోనూ, సముద్రంలోనూ చేపలు పట్టగలిగిన ప్రాంతమిది. అందువల్ల ఇక్కడి మత్స్యకారుల పదజాలంలో ఈ రెండు నీళ్ళ అనుభవమూ కలిసి ఉండడం సహజం. ఇప్పుడు అంగళ్ళలో, పెంపకం కరపత్రాలలో ‘కోబియా’గా వ్యవహరిస్తున్న చేపకు తెలుగు తీరంలో ఉన్న ‘పెద్దమట్ట’ అనే పేరు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పేరు చరిత్రను పరిశీలించి, అది చిన్న పడవ మీద వేటాడే మనిషి చూపు నుంచి పుట్టి ఉంటుందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చేప స్వభావం – వేట తీరు

శాస్త్రజ్ఞులు ఈ చేపను ‘రాకిసెంట్రాన్ కనాడమ్’ అంటారు. దాని కుటుంబంలో ఇది తప్ప మరో జాతి లేదు. శరీరం పొడవుగా, గుండ్రంగా ఉంటుంది. తల వెడల్పుగా, పైనుంచి అణగదొక్కినట్లు బల్లపరుపుగా ఉంటుంది. వీపు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. వెన్ను మీద పొట్టిగా, విడివిడిగా 7 నుంచి 9 ముళ్ళు నిలిచి ఉంటాయి. ఈ చేప రెండు మీటర్ల పొడవు వరకు, 60 కిలోలకు మించిన బరువు వరకు పెరగగలదు. పీతలంటే దీనికి మక్కువ.

వేటకు సంబంధించి ముఖ్యమైన విషయం దీని నడవడి. ఇది పెద్ద మందలుగా తిరగదు. ఒంటరిగానో, నాలుగైదు కలిసో కనిపిస్తుంది. నీటి మీద తేలే దుంగలు, బోయాల నీడను ఆశ్రయిస్తుంది. సొరచేపల వెంట, టేకు చేపల వెంట తిరుగుతుంది. పడవ కనిపిస్తే చాలా చేపలు బెదిరి పోతాయి; ఇది మాత్రం తరచు పడవ దగ్గరికే వస్తుంది. కాబట్టి చిన్న పడవలో ఉన్న వేటగాడు దీన్ని గాలానికి తగలక ముందే, నీటి పైపొరలో, కళ్ళారా చూడగలడు. ఎర అందుకొన్న తరువాత మాత్రం బలంగా లోతుకు లాగుతుంది. తాడు చేతులు కోయకుండా వదులుతూ, బిగిస్తూ దాన్ని అలసిపోనివ్వాలి. తొందరపడి పడవలోకి లాగితే అది కొట్టుకొనే దెబ్బలకు, వెన్ను ముళ్ళకు మనుషులు గాయపడతారు. ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉండే పడవలో ఇది చిన్న ప్రమాదం కాదు. అటువంటి చేపను దూరం నుంచే గుర్తుపట్టి పేరు పెట్టుకోవడం ఆ వృత్తిలో అవసరం.

లాటిన్‌లోకి వెళ్ళిన తెలుగు

ఈ పేరుకు ప్రసిద్ధమైన పాత లిఖిత ఆధారం కృష్ణా మొగలకు ఉత్తరాన, ఇదే తీరంలోని విశాఖపట్నంలో దొరుకుతుంది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా 1785లో నియమితుడైన పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. తెలుగువారికి ఆయన పేరు రక్తపింజరి పాము శాస్త్రపరిశోధన ద్వారా ఎక్కువగా తెలుసు. చేపల గ్రంథంలో ఆయన స్థానిక నామాలను రోమన్ లిపిలో నమోదు చేశాడు. 153వ చిత్రఫలకంలోని చేప పేరు ‘పెద్దా మొట్టా’.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జ్ క్యువియే 1829లో ఈ చిత్రాన్ని ఆధారం చేసుకొని ఆ చేపకు ‘ఎలకాటె మొట్టా’ అని లాటిన్ పేరు పెట్టాడు. 1832లో వెలువడిన మరో ఫ్రెంచి సంపుటంలో ఇదే చేపకు ‘మలబారికా’, ‘పాండిసెరియానా’ అనే పేర్లు కూడా చేరాయి. అవి చేప దొరికిన చోటును చెప్పే పేర్లు. పట్టినవారి నోటి మాట నిలిచింది తెలుగు తీరం పేరులో మాత్రమే.

అయితే ఆ గౌరవం ఎక్కువకాలం నిలవలేదు. అమెరికాలోని కరోలినా నుంచి వచ్చిన నమూనాకు లిన్నేయస్ 1766లోనే పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరుకే ప్రామాణ్యమన్న శాస్త్ర నియమం ప్రకారం ‘కనాడమ్’ స్థిరపడింది, ‘మొట్టా’ పర్యాయపదాల పట్టికలో మిగిలిపోయింది. కరోలినా చేపకు కెనడాను సూచించే పేరు నిలవడం, పట్టినవారి పేరు మరుగున పడడం గమనించదగినవి.

మొట్టా? మట్టా?

రస్సెల్ రాతలోని మొదటి మాట స్పష్టంగా ‘పెద్ద’. రెండవ మాటను ఎలా చదవాలన్నది ప్రశ్న. తెలుగులో కొర్రమీనుకు ‘కొర్రమట్ట’ అన్న పేరుంది. దాని బంధువుల్లో ఒకటి ‘మట్టగిడస’. ‘మట్ట’లోని అకారాన్ని యూరోపియన్లు ‘ఓ’ అక్షరంతో రాయగలరా అన్న సందేహానికి క్యువియే, వాలెన్సియెన్‌ల గ్రంథంలోనే జవాబుంది. 1831 సంపుటంలో కొర్రమీను వర్గపు చేప ఒకటి ‘కోరమోటా’ అనే పేరుతో కనిపిస్తుంది. అందులో వినిపిస్తున్నది కొర్రమట్టే. కాబట్టి ‘పెద్దా మొట్టా’ను పెద్దమట్టగా చదవడం సమంజసం.

పోలిక కూడా ఇందుకు అనుకూలంగా ఉంది. పొడవైన గుండ్రటి ఒళ్ళు, చదునైన తల, నల్లని వీపు ఈ రెండు చేపలకూ సమానం. కొర్రమీను గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. చెరువు గట్టు మీది మనిషి చూసేది దాని తల పైభాగమే. పడవ పక్కకు వచ్చిన సముద్రపు చేపలోనూ ముందు కనిపించేది అదే. తమిళంలో ఈ చేపను ‘కడల్ విరాల్’ అంటారు. అంటే సముద్రపు కొర్రమీను. పొరుగు తీరంలోనూ ఇదే పోలిక తట్టడం ఈ అన్వయానికి బలమైన సాక్ష్యం.

దీనికి ప్రతికూలమైన ఆధారం కూడా ఉంది. మలయాళంలో ఈ చేప పేరు ‘మోత’. రస్సెల్ విన్నది దీనికి సోదర పదమైన ‘మొట్ట’ కావచ్చునని వాదించవచ్చు. కాని ‘పెద్ద’ అనే విశేషణం అర్థవంతం కావాలంటే చిన్నది ఒకటి ఉండాలి. ఆ చిన్న మట్ట చెరువులో ఉంది. ఈ కారణంగా మొదటి అన్వయమే ఎక్కువ సంభావ్యమని భావించవచ్చు.

విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని కాలువలు డెల్టాను కమ్ముకోవడానికి అర్ధ శతాబ్దం ముందే ఈ పేరు అచ్చయింది. అంటే పాత చెరువుల, మడుగుల జ్ఞానాన్నే తీరవాసులు సముద్రం మీదికి తీసుకుపోయారన్నమాట.

ముగింపు

రస్సెల్ గ్రంథంలోని చిత్రం చేపను పక్క నుంచి చూపుతుంది. ‘పెద్దమట్ట’ అన్న పేరు దాన్ని పైనుంచి చూపుతుంది. మొదటిది బల్ల మీద పెట్టి చూసిన చూపు, రెండవది పడవ అంచున వంగి చూసిన చూపు. రెండూ జ్ఞానమే అయినా గ్రంథాలకెక్కి నిలిచింది మొదటిదే.

2010లో మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపకు కృత్రిమంగా గుడ్లు పెట్టించి పిల్లలను పెంచడంలో విజయం సాధించింది. పెంపకంతో పాటు ‘కోబియా’ అన్న పేరూ వ్యాపిస్తోంది. కొత్త పేరు రావడం తప్పు కాదు. దాని వెనుక పాత పేరు నమోదు కాకుండా పోవడం నష్టం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలోనూ చుట్టుపక్కలా కనీసం 10,000 మందిని బలిగొన్నది. వారితో పాటు పోయిన మాటలకు లెక్క లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం వృత్తి పదాలను పనిచేసేవారి నోటి నుంచే సేకరించాలన్న మార్గాన్ని చూపింది. మత్స్య పదాల సేకరణలో మరో మెట్టు అవసరం. చేప పేరుతో పాటు దాన్ని ఏ నీటిలో, ఏ పడవ నుంచి, ఏ కోణంలో చూసి పిలిచారో కూడా రాసుకోవాలి. అలా రాసుకున్నప్పుడే ‘పెద్దమట్ట’ వంటి పేరు నిఘంటువులో ఒక పదంగా మాత్రమే గాక, ఒక చూపుగా కూడా నిలుస్తుంది.