పట్టాభి: ఉద్యమం నుంచి అధికారం దాకా

భోగరాజు పట్టాభి సీతారామయ్య సుదీర్ఘ రాజకీయ జీవితాన్ని పదవుల పట్టికగా చూస్తే చరిత్ర బోధపడదు. ఆయన ఏ వర్గం ఆకాంక్షలకు గొంతు అయ్యాడో, ఆ గొంతు ఎక్కడ సన్నగిల్లిందో పరిశీలించాలి.

1880లో గుండుగొలనులో పుట్టి, బందరులో వైద్యవృత్తి సాగించి, దాన్ని వదలి పట్టాభి దేశోద్యమంలో దిగాడు. 1910లో జాతీయ కళాశాల స్థాపనలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో చేయి కలిపాడు. 1919లో ‘జన్మభూమి’ అనే ఇంగ్లీషు వారపత్రికనూ, 1923లో ఆంధ్రా బ్యాంకునూ నెలకొల్పాడు. విద్య, పత్రిక, పరపతి: ఆనకట్ట నీటితో పుంజుకున్న కృష్ణా డెల్టా మధ్యతరగతికి కావలసినవి యివే. ఆంధ్రరాష్ట్ర వాదం ఆ కోర్కెలన్నిటికీ కూడలి. అందులో కూలికీ, కౌలుదారుకూ దక్కిన చోటు స్వల్పం.

1939లో గాంధీజీ మద్దతుండీ పట్టాభి 1377 ఓట్లతో, 1580 ఓట్లు వచ్చిన సుభాస్ బోసు చేతిలో ఓడాడు. 1942లో అరెస్టయి అహమ్మదునగరు కోటలో సుమారు మూడేళ్లు నిర్బంధం అనుభవించాడు. 1948లో జయపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు.

అసలు పరీక్ష అప్పుడే వచ్చింది. నెహ్రూ, వల్లభభాయి, పట్టాభిల సంఘం 1949లో భాషారాష్ట్రాలను వాయిదా వేయమన్నది. ఆంధ్రను ప్రత్యేకంగా పరిగణించవచ్చుననీ, అయితే మద్రాసు నగరాన్ని వదులుకోవాలనీ షరతు పెట్టింది. జీవితమంతా ఆంధ్రరాష్ట్రం కోరిన మనిషి ఆ నివేదికపై సంతకం చేశాడు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో ప్రాణాలర్పించాకనే, 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. అప్పటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరు. 1959లో కన్నుమూశాడు.

దీన్ని ద్రోహమనడం సులభం. అది విమర్శ కాదు. ప్రజల కోర్కెను ఎత్తిపట్టిన నాయకత్వం అధికారంలోకి వచ్చాక ఆ కోర్కెకే షరతులు పెట్టింది. పట్టాభి జీవితం మనకిచ్చే పాఠం యిదే.