అడిలైడ్ నగరపు ఓ-బాన్ బస్సు మార్గము

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరమునకు ఈశాన్యమున నున్న శివారు ప్రాంతములు 1960 తరువాత త్వరితముగ పెరిగినవి. అచటికి రైలు వసతి లేదు. టారెన్స్ నదీలోయలో మోటారు రహదారి కొరకు ప్రభుత్వము భూమిని సేకరించినను, ప్రజల వ్యతిరేకతచే ఆ యోచన విరమింపబడెను. ట్రాము పథకమునకును ఆక్షేపణలు వచ్చెను. 1979లో అధికారమునకు వచ్చిన టాంకిన్ ప్రభుత్వము పశ్చిమ జర్మనీలో రూపొందిన ఓ-బాన్ పద్ధతిని ఎన్నుకొనెను.

ఇందలి కీలకము మిక్కిలి సరళము. బస్సు ముందుచక్రముల ప్రక్కన రెండు చిన్న చక్రములుండును. అవి కాంక్రీటు దారి అంచుల నానుకొని దొర్లుచు ముందుచక్రములను మలుపును. డ్రైవరు స్టీరింగు త్రిప్ప నక్కరలేదు. బస్సు ప్రక్కలకు తొలగదు గనుక ఇరుకు దారియే చాలును.

లోయలోని బంకమన్ను తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనును. అందుచే నేలలోనికి దింపిన కాంక్రీటు స్తంభములపై అడ్డదూలములు నిలిపి, వానిమీద దారి నమర్చిరి. 1986లో తొలిభాగమును, 1989లో తక్కిన భాగమును ప్రారంభింపగా 12 కిలోమీటర్ల మార్గము పూర్తియైనది.

రైలైనచో స్టేషనులో దిగి వేరొక బస్సు నెక్కవలసి యుండెడిది. ఇచట అదే బస్సు కాంక్రీటు దారి విడిచి శివారు వీధులలోనికి పోవును. ప్రయాణికుడు కూర్చున్నచోటు కదలకయే ఇంటి చేరువకు వచ్చును.