నాలుగు గంటల లక్ష్యం

నాలుగు గంటల లక్ష్యం అనేది ఇంగ్లాండులోని జాతీయ ఆరోగ్య సేవ (ఎన్.హెచ్.ఎస్.) ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు ప్రభుత్వం విధించిన కాలపరిమితి. రోగి విభాగానికి వచ్చిన నాలుగు గంటలలోగా అతనిని వార్డులో చేర్చుకోవడమో, మరొక ఆసుపత్రికి తరలించడమో, ఇంటికి పంపడమో జరగాలి. నాలుగు గంటలలోగా వైద్యుడు చూస్తే చాలునని కొందరు పొరబడుతుంటారు. రోగి విభాగాన్ని విడిచే వరకు గడిచిన కాలమంతా లెక్కకు వస్తుంది.

చరిత్ర

2000 జూలైలో వెలువడిన ఎన్.హెచ్.ఎస్. ప్రణాళికలో, 2004 నాటికి ఏ రోగీ నాలుగు గంటలకు మించి వేచి ఉండరాదని ప్రకటించారు. కొందరు రోగులను అంతకంటే ఎక్కువసేపు విభాగంలోనే ఉంచి గమనించవలసి ఉంటుంది కనుక, తరువాత దీనిని 98 శాతానికి సడలించారు. 2010లో 95 శాతానికి తగ్గించారు. దేశం మొత్తం మీద 95 శాతం చివరిసారిగా నెరవేరినది 2015 జూలైలో. 2023 జనవరిలో ప్రభుత్వం 2024 మార్చి నాటికి 76 శాతం సాధించాలని తాత్కాలిక లక్ష్యం పెట్టగా, ఆ నెలలో 74.2 శాతం మాత్రమే నమోదైంది.

ఆలస్యానికి కారణాలు

చిన్న జబ్బులతో వచ్చేవారి రద్దీయే ఆలస్యానికి మూలమని సాధారణంగా భావిస్తారు. ఇది పాక్షిక సత్యమే. అటువంటివారిని వేరే వరుసలో ఉంచి, చూసిన వెంటనే చికిత్స చేసి పంపే పద్ధతి 2000వ దశకం ఆరంభంలో మంచి ఫలితాలనిచ్చింది. అసలు చిక్కు వార్డులో చేరవలసిన రోగుల వద్ద వస్తుంది. కోలుకున్న వృద్ధులకు ఇంటి వద్ద సంరక్షణ ఏర్పాటు కాకపోతే వార్డులో మంచం ఖాళీ కాదు. మంచం లేనిదే అత్యవసర విభాగంలోని రోగి కదలడు. అతడు కదలనిదే అంబులెన్సులోని రోగికి చోటు దొరకదు. కనుక అత్యవసర విభాగంలో వైద్యులను పెంచినంత మాత్రాన ఈ ఆలస్యం తీరదు.

ఈ ఆలస్యం ప్రాణాంతకం కూడా. 2022లో ఎమర్జెన్సీ మెడిసిన్ జర్నల్‌లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, మంచం కోసం 6 నుండి 8 గంటలకు మించి ఆగిన ప్రతి 82 మంది రోగులకు ఒక మరణం అదనంగా సంభవించింది.

విమర్శలు

గడువు ముగిసే చివరి నిమిషాలలో ఎక్కువమంది రోగులు విభాగాన్ని విడవడం 2005 నాటికే పరిశోధకులు గమనించారు. అవసరాన్ని బట్టి గాక గడియారాన్ని బట్టి నిర్ణయాలు జరుగుతున్నాయన్న అనుమానానికి ఇది తావిచ్చింది. స్టాఫర్డ్ ఆసుపత్రిలోని లోపాలపై 2013 ఫిబ్రవరిలో వెలువడిన ఫ్రాన్సిస్ నివేదిక కూడా లక్ష్యాల సాధనపై మితిమీరిన దృష్టిని తప్పుపట్టింది. అయినప్పటికీ లక్ష్యాన్ని పూర్తిగా ఎత్తివేయడానికి అత్యవసర వైద్యులలో చాలామంది సుముఖంగా లేరు. అత్యవసర విభాగపు రద్దీని మొత్తం ఆసుపత్రి బాధ్యతగా మార్చినది ఈ లక్ష్యమేనని వారి వాదన.