మిస్ మార్వెల్ (2014 కామిక్స్)

మిస్ మార్వెల్ అమెరికాకు చెందిన మార్వెల్ కామిక్స్ సంస్థ 2014 ఫిబ్రవరిలో ప్రారంభించిన చిత్రకథా ధారావాహిక. రచన జి. విల్లో విల్సన్, చిత్రాలు ఏడ్రియన్ ఆల్ఫోనా. కథానాయిక కమలా ఖాన్ జెర్సీ సిటీలో నివసించే పాకిస్తానీ సంతతి ముస్లిం బాలిక. తన శరీరాన్ని కోరిన ఆకృతిలోకి మార్చుకోగలదు.

ముందస్తు ప్రకటన

ఈ ధారావాహిక రాబోతున్నట్లు 2013 నవంబరులోనే ప్రకటించారు. అమెరికాలో కామిక్స్ దుకాణదారులు సంచిక వెలువడటానికి కొన్ని నెలల ముందే ఆర్డరు ఇస్తారు. మిగిలిన ప్రతులను సాధారణంగా తిరిగి ఇవ్వలేరు. కనుక కొత్త కథానాయిక పేరుతో వచ్చే పత్రికకు పాఠకులు ముందుగా అడగనిచో తక్కువ ప్రతులే తెప్పిస్తారు. అమ్మకాలు తగ్గిన పత్రికలు త్వరగా నిలిచిపోతాయి.

ఆదరణ

మొదటి సంచిక పలుమార్లు పునర్ముద్రణ పొందినది. తొలి సంపుటికి 2015లో ఉత్తమ చిత్రకథగా హ్యూగో పురస్కారం లభించినది. 2022లో ఈ పాత్రతో టెలివిజన్ ధారావాహిక వెలువడినది.