సూక్ష్మప్లాస్టిక్కులు: దేహమునను మెదడునను వానిని తగ్గించుట

అయిదు మిల్లీమీటర్లకంటె చిన్నవైన ప్లాస్టిక్ తునుకలకు సూక్ష్మప్లాస్టిక్కులని పేరు. ఇంగ్లండునందలి ప్లిమత్ విశ్వవిద్యాలయపు రిచర్డ్ థాంప్సన్ బృందము 2004లో ప్రకటించిన సముద్రతీర పరిశోధనతో ఈ పేరు శాస్త్రలోకమున ప్రచారమునకు వచ్చెను. సముద్రపుటిసుకలో గుర్తింపబడిన యీ ధూళి 2021లో ఇటలీయందు గర్భిణుల మావిలోను, మరుసటి యేట నెదర్లాండ్స్‌లో ఇరువదిరెండుగురు రక్తదాతలలో పదునేడుగురి రక్తములోను కనబడెను.

మెదడును గూర్చిన వార్త 2025లో వెలువడినది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయమునందలి మాథ్యూ క్యాంపెన్ బృందము మృతుల అవయవములను పరీక్షించి, కాలేయ మూత్రపిండములలోకన్న మెదడునందే ప్లాస్టిక్ అధికముగ నున్నదనియు, 2016 నాటి మెదళ్లలోకన్న 2024 నాటి వానిలో అది సుమారు సగము పాలు హెచ్చినదనియు తెలిపెను. మతిభ్రంశ రోగుల మెదళ్లలో ఇంకను మిక్కుటముగ కనబడినను, ప్లాస్టిక్ వలన రోగము పుట్టెనో, రోగమువలన ప్లాస్టిక్ చేరెనో ఆ పరిశోధన తేల్చలేదు. కణజాలమును తీవ్రముగ వేడిచేసి, వెలువడు వాయువులనుబట్టి ప్లాస్టిక్కును లెక్కగట్టు ఆ పద్ధతిలో మెదడునందలి కొవ్వే పాలిథిన్‌గా భ్రమ గొల్పవచ్చుననెడి ఆక్షేపణయు త్రోసివేయదగినది కాదు. కావున మెదడులో చెంచాడు ప్లాస్టిక్ కలదని పత్రికలు వ్రాసిన మాటను అక్షరాల నమ్మనక్కరలేదు.

దేహమున చేరినదానిని వెడలగొట్టు మందు నేటివరకు నిరూపితము కాలేదు. అట్టి మందులని అమ్మెడి పొడులకు వెచ్చించు ధనము వృథా. చేయదగినది ప్రవేశమార్గములను అరికట్టుటయే. అందును ప్లాస్టిక్కునకు వేడి తగులుట ముఖ్యమైన హేతువు. టీకొట్టులో ఇచ్చు కాగితపు కప్పు లోపల నునుపుగ మెరయు పొర ప్లాస్టిక్కే. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకుల లెక్క ప్రకారము పదునైదు నిమిషములలో 100 మిల్లీలీటర్ల వేడిద్రవములోనికి దానినుండి సుమారు 25,000 రేణువులు దిగును. పాలపీకసీసాల విషయము మరియు కలవరపరచునది: పాలిప్రొపిలీన్ సీసాలో వేడినీట పాలు కలిపినచో లీటరునకు కోటి అరువదిలక్షల రేణువులవరకు చేరవచ్చునని 2020లో డబ్లిన్ పరిశోధకులు చూపిరి. పార్సిలు సాంబారు సంచికిని ఇదే హెచ్చరిక. స్టీలు క్యారియరు తీసికొనిపోవుట మేలు. ఇంటిలో తడిగుడ్డతో తుడుచుటచే ఊపిరితో లోనికిపోవు ధూళిలోని ప్లాస్టిక్ పోగులు కొంత తగ్గును.

త్రాగునీటి విషయమున కాచుట ఉపకరించును. కఠినజలమును మరిగించినప్పుడు అందలి సున్నము గట్టిపడి రేణువులను చుట్టుకొని అడుగున చేరును. తేర్చి వడగట్టినచో రేణువులు నూటికి తొంబదిపాళ్లవరకు తగ్గునని 2024లో చైనా పరిశోధకులు కనుగొనిరి. బోరునీరు కాచిన గిన్నెలో తెల్లనిపొర కట్టుట మన యూళ్ల గృహిణు లెరిగినదే. మెత్తనినీటిలో తగ్గునది రేణువులలో నాలుగవ పాలు మాత్రమే. కాచిన నీటిని మరల ప్లాస్టిక్ సీసాలో పోయుట తగదు. గాజు, స్టీలు, రాగి పాత్రలలో నిలువయుంచవలెను.