ఫారిన్ కీ ఎక్కడుండాలి?

"ఫారిన్ కీ ఎక్కడ రాస్తావ్?" అని మా టీమ్‌లో ఎవర్నడిగినా "మోడల్ క్లాసులో" అంటారు. టేబుల్లో అనేవాళ్ళు తక్కువ. ఈ జవాబు వెనకాల పెద్ద కథే ఉంది.

1970 జూన్‌లో ఐబీఎమ్ శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేసే ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ మీద పేపర్ ప్రచురించాడు. ఫారిన్ కీ అన్న మాట అందులోనే ఉంది. అప్పటి ఐఎమ్ఎస్ లాంటి డేటాబేసుల్లో ఒక రికార్డు నుంచి ఇంకోదానికి దారి ప్రోగ్రామరే వెతుక్కుంటూ పోవాలి. కాడ్ అన్నదేమిటంటే, దారులొద్దు, విలువలు చాలు. ఆర్డర్ వరసలో కస్టమర్ నంబరుంటే సంబంధం ఉన్నట్టే.

సరే, ఆ నంబరుగల కస్టమర్ నిజంగా ఉన్నాడో లేడో చూసేదెవరు? అసలు పేచీ ఇక్కడే. 1986లో వచ్చిన మొదటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఫారిన్ కీ లేనేలేదు, 1989లో చేర్చారు. ఒరాకిల్ 6లో రాయనిచ్చేవారు గానీ అమలు చేసేవారు కాదు. ఒరాకిల్ వాడేవాళ్ళకి నిజమైన కాపలా 1992లో, ఏడో వెర్షన్‌తో వచ్చింది.

ఇంత కష్టపడి డేటాబేసులోకి తెచ్చుకున్న కాపలాని 2000ల్లో మళ్ళీ బయటికి పంపేశాం. మైఎస్‌క్యూఎల్‌లో 2010 దాకా డిఫాల్టుగా ఉన్న మైఐసామ్ టేబుళ్ళు, ఫారిన్ కీ రాస్తే కిమ్మనకుండా తీసుకుని పక్కన పడేసేవి. 2004లో వచ్చిన రైల్స్, క్లాసులో "బిలాంగ్స్ టు", "హ్యాజ్ మెనీ" అని రాస్తే చాలంది. దాని మైగ్రేషన్లలో ఫారిన్ కీకి సొంత సదుపాయం 2014 డిసెంబరులో, 4.2తో గానీ రాలేదు. జాంగో కొంత నయం, డేటాబేసులోనూ కన్‌స్ట్రెయింట్ పెడుతుంది. తల్లి వరస పోతే పిల్ల వరసల్ని ఏం చెయ్యాలో చెప్పడం 2017 నాటి 2.0 నుంచి తప్పనిసరి చేసింది కూడా.

క్లాసులో రాస్తే నష్టమేంటంటారా? ఆ మాట మన ప్రోగ్రాముకొక్కదానికే తెలుసు. రాత్రిపూట నడిచే బ్యాచ్ స్క్రిప్టుకీ, పక్క టీమ్ సర్వీసుకీ, సపోర్టులో ఎవరో చేత్తో కొట్టిన డిలీట్‌కీ తెలీదు. కస్టమర్ పోతాడు, ఆర్డర్లు అనాథలైపోతాయి. నెలాఖరు రిపోర్టులో ఇన్నర్ జాయిన్ వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, మొత్తం మాత్రం తగ్గుతుంది. ఆ అంకె చూసుకునే ఎవరో నిర్ణయాలు తీసేసుకుంటారు!

డేటాని పదుల సర్వర్ల మీద పంచినవాళ్ళు ఫారిన్ కీలు వదులుకుంటారు, నిజమే. కానీ వాళ్ళు ఖరీదు లెక్కేసుకుని వదులుకుంటారు. ఒక్క సర్వరు మీద నడిచే మన అప్లికేషన్లకి ఆ సాకు చెల్లదు.

నా మటుకు నాకు క్లాసులో రాసేది మన సౌకర్యం, టేబుల్లో రాసేది డేటాకి రక్షణ. రెండూ కావాలి. భాషలు మారతాయి, ఫ్రేమ్‌వర్కులు మారతాయి, టేబుళ్ళు మాత్రం మన తర్వాత వచ్చేవాళ్ళకి మిగుల్తాయి. నమ్మకం కుదరకపోతే రేపు ఆఫీసుకెళ్ళగానే మీ ఆర్డర్ల టేబుల్నీ కస్టమర్ల టేబుల్నీ లెఫ్ట్ జాయిన్ చేసి, కస్టమర్ దొరకని వరసలెన్నో లెక్కపెట్టండి. సున్నా వస్తే మీరు అదృష్టవంతులే :-)