టీసీపీ రవాణా మాడ్యూలు: పీర్-టు-పీర్ నెట్‌వర్కులలో దాని చరిత్ర, తూర్పు కనుమలలో దాని పరిమితులు

కేంద్ర సర్వరు అవసరం లేకుండా కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా సమాచారం ఇచ్చిపుచ్చుకొనే పద్ధతిని పీర్-టు-పీర్ అంటారు. ఇటువంటి సాఫ్ట్‌వేరులో టీసీపీ ప్రోటోకాలు మీదుగా సంబంధాలను తెరవడం, వచ్చినవాటిని స్వీకరించడం, ముగించడం అనే పనులను చూసుకొనే ప్రత్యేక భాగమే టీసీపీ రవాణా మాడ్యూలు. సాధారణ వెబ్ బ్రౌజరుకు అవతలివారిని పిలవడం వస్తే చాలు గాని, పీర్‌గా పనిచేసే యంత్రం ఇతరులను పిలవడంతోపాటు ఇతరుల పిలుపు కోసం ఒక పోర్టు తెరిచి ఉంచి ఎదురుచూడాలి. ఈ మాడ్యూలు చరిత్రలో ఎక్కువభాగం ఆ రెండో సామర్థ్యాన్ని పోగొట్టుకోవడం, తిరిగి సంపాదించుకోవడం గురించినదే.

వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రతిపాదించిన టీసీపీ 1981 సెప్టెంబరులో ఆర్ఎఫ్‌సీ 793గా స్థిరపడింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం దానికి మారింది. పంపిన సమాచారం వరుస తప్పకుండా, లోపం లేకుండా చేరేలా చూడడం, దారిలో పోయిన భాగాన్ని మళ్లీ పంపడం దీని పని. మూలపత్రంలో యజమాని, సేవకుడు అనే భేదం లేదు సరికదా, రెండు యంత్రాలు ఒకే క్షణంలో ఒకదానినొకటి పిలిచినా ఒక్క సంబంధమే ఏర్పడే ఏర్పాటు కూడా ఉంది. అప్పట్లో దీనిని పెద్దగా ఎవరూ వాడుకోలేదు.

చిరునామాల కొరత ఈ సమానత్వాన్ని దెబ్బతీసింది. 1994లో వివరించిన నాట్ అనే చిరునామా మార్పిడి పద్ధతి వల్ల ఒక బహిరంగ ఐపీ చిరునామా వెనుక అనేక యంత్రాలు దాగి పనిచేయగలిగాయి. అవి బయటివారిని పిలవగలవు గాని, బయటివారికి వాటిని పిలిచే మార్గం ఉండదు. 1999లో వచ్చిన నాప్‌స్టర్ పాటల జాబితాను కేంద్ర సర్వరులో ఉంచి, పాటను మాత్రం టీసీపీ మీదుగా ఒక వినియోగదారు నుంచి మరొకరికి నేరుగా పంపేది. 2000లో వెలువడిన న్యూటెల్లాలో జాబితా కూడా పంచుకొన్నదే. అవతలి యంత్రం పిలుపు అందుకోలేని స్థితిలో ఉంటే, అదే తిరిగి పిలవాలంటూ ఇతర పీర్ల ద్వారా కబురు పంపే ఏర్పాటు న్యూటెల్లాలో ఉండేది. ఇద్దరూ నాట్ వెనుకే ఉంటే ఈ ఉపాయం పారదు. తరువాతి బిట్‌టొరెంట్, 2009 నాటి బిట్‌కాయిన్ కూడా టీసీపీనే ఆశ్రయించాయి. అయితే వీటన్నిటిలో రవాణా పని సాఫ్ట్‌వేరు ముఖ్యభాగంలోనే కలిసిపోయి ఉండేది.

చిక్కుముడి విప్పే ప్రయత్నాలలో ముఖ్యమైనది బ్రయన్ ఫోర్డ్, పైడా శ్రీసురేశ్, డాన్ కెగెల్ 2005లో యూసెనిక్స్ సదస్సులో ప్రచురించిన పత్రం. నాట్ పరిభాషను, పనితీరును నిర్ణయించిన ఆర్ఎఫ్‌సీ పత్రాలకు శ్రీసురేశ్ అంతకుముందే రచయిత. ఇద్దరికీ తెలిసిన మూడో యంత్రం ద్వారా చిరునామాలు తెలుసుకొని, ఇరువైపుల నుంచి దాదాపు ఒకే సమయంలో పిలిస్తే, ప్రతి నాట్ ఆ రాకను తన లోపలి యంత్రం పిలుపుకు బదులుగా భావించి దారి ఇస్తుంది. దీనిని హోల్ పంచింగ్ అంటారు. 1981 నాటి జంట పిలుపుల ఏర్పాటు ఇక్కడ అక్కరకు వచ్చింది. వారు పరీక్షించిన నాట్‌లలో సుమారు 82 శాతం యూడీపీ అనే మరో సరళమైన ప్రోటోకాలుకు, 64 శాతం టీసీపీకి ఈ పద్ధతిని అనుమతించాయి. యూడీపీ మేలన్న అభిప్రాయం ఇంజనీర్లలో బలపడడానికి ఇటువంటి అంకెలు కొంత కారణం.

రవాణాను విడి మాడ్యూలుగా తీర్చిదిద్దడంలో ప్రోటోకాల్ ల్యాబ్స్ సంస్థ ఐపీఎఫ్ఎస్ అనే ఫైళ్ల పంపిణీ నెట్‌వర్కు కోసం మొదలుపెట్టి తరువాత వేరుచేసిన లిబ్‌పీ2పీ పేరెన్నికగన్నది. అందులో ప్రతి చిరునామా ఐపీ, రవాణా పద్ధతి, పోర్టు అనే వరుసలో ఉంటుంది. టీసీపీ అని కనబడితే ఆ మాడ్యూలు, యూడీపీ మీద నడిచే క్విక్ అని ఉంటే మరొకటి పని అందుకొంటుంది. ఎదురుచూసే పోర్టు నుంచే బయటికి కూడా పిలవడం ఇందులోని మెలకువ. దానివల్ల అవతలి పీర్‌కు కనిపించే చిరునామా తిరిగి పిలవడానికీ పనికివచ్చే అవకాశం ఉంటుంది. టీసీపీకి సొంత గుప్తీకరణ గాని, ఒకే సంబంధంలో పలు ప్రవాహాలను నడిపే శక్తి గాని లేవు కాబట్టి, సంబంధం కుదిరాక నాయిస్ లేదా టీఎల్ఎస్‌తో భద్రత, యామక్స్ వంటి దానితో ప్రవాహాల విభజన పైపొరలుగా చేరతాయి.

ఈ పైపొరల ఖర్చు తూర్పు కనుమలలో స్పష్టంగా తెలుస్తుంది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలతో 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఊళ్లు చిన్నవి, కొండవాలుల మీద చెదిరి ఉన్నవి. విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు గాని, ఏజెన్సీ గూడేలలో ఇంటర్నెట్ అంటే నేటికీ ప్రధానంగా మొబైలే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో అధికభాగం ఈ జిల్లాలోనివే. అంతకుముందు గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలలో రేషను ఇవ్వడానికి సైతం సిగ్నలు అందే మిట్ట వెతుక్కోవలసి వచ్చిన ఊళ్లు ఉన్నాయి.

ఉపగ్రహం మీదుగా నడిచే టవరు పరిధిలో ఒక సందేశం వెళ్లి బదులు రావడానికి అర సెకనుకు పైగానే పడుతుంది. లిబ్‌పీ2పీ టీసీపీ మాడ్యూలు తొలి రూపంలో సంబంధానికి, భద్రతా పద్ధతి ఎంపికకు, భద్రతా కరచాలనానికి, ప్రవాహ విభజనకు ఒక్కొక్కటి చొప్పున నాలుగు రాకపోకలు అవసరం. అంటే మొదటి అక్షరం కదలడానికే రెండు సెకన్లు దాటుతుంది. ఇదే పనికి క్విక్‌కు ఒక్క రాకపోక చాలు. పైగా 1988లో వాన్ జేకబ్సన్ రూపొందించిన పద్ధతిలో టీసీపీ ప్రతి నష్టాన్నీ రద్దీకి గుర్తుగా భావించి వేగం తగ్గిస్తుంది. కొండ అడ్డమై, వాన కురిసి రేడియో సంకేతం తెగినా దానికి తేడా తెలియదు. ఘాట్ రోడ్డు మలుపులో ఒక లారీ ఆగితే వెనుక వాహనాలన్నీ నిలిచిపోయినట్లు, ఒక్క ముక్క పోతే దాని వెనుక వచ్చిన ప్రవాహాలన్నీ ఆగవలసిందే.

మొబైల్ సంస్థలు కొరతగా ఉన్న ఐపీవీ4 చిరునామాలను వేలాది చందాదారులకు కలిపి పంచుతాయి. అందువల్ల ఫోను ఒక్కటే ఆధారమైన ఊరిలో యంత్రం పిలవగలదే గాని, పిలుపు అందుకోవడం కష్టం. 2016లో సేవలు ప్రారంభించిన జియో మొదటినుంచీ చిరునామాల కొరత లేని ఐపీవీ6ను విస్తారంగా వాడడం వల్ల ప్రతి ఫోనుకు సొంత చిరునామా దక్కింది కాబట్టి ఐపీవీ6 మీద కూడా ఎదురుచూసేలా మాడ్యూలును అమర్చడం అవసరం. మరోవైపు, ఇంటర్నెట్ లేకపోయినా ఒకే వైఫై పరిధిలోని యంత్రాల మధ్య నాట్ అడ్డం ఉండదు. 2013 నాటి సింక్‌థింగ్, ఆ మరుసటి ఏడాది మొదలైన స్కటిల్‌బట్ పక్కనున్న పీర్‌ను కనుగొని నేరుగా టీసీపీతోనే ఫైళ్లనూ సందేశాలనూ పంచగలవు. ఆశ్రమ పాఠశాలల వంటి చోట్ల దీని ఉపయోగాన్ని పెద్ద నగరాల రూపకర్తలు తక్కువగా అంచనా వేశారనే చెప్పాలి.

క్విక్ వచ్చినా టీసీపీ అవసరం తీరిపోలేదు. 2021లో ఆర్ఎఫ్‌సీ 9000గా ప్రమాణమైన క్విక్ యూడీపీ మీద నడుస్తుంది గాని, ఆ యూడీపీని అడ్డుకొనే కార్యాలయ, కళాశాల నెట్‌వర్కులు ఇంకా ఉన్నాయి. 2020 డిసెంబరు 1న మొదలైన, ఎథీరియం అనే బ్లాక్‌చైన్ నెట్‌వర్కుకు చెందిన బీకన్ చైన్ నిర్దేశం సాఫ్ట్‌వేరులన్నిటికీ టీసీపీ రవాణాను తప్పనిసరి చేసి, క్విక్‌ను ఐచ్ఛికంగా ఉంచింది.